జువ్వికి నీళ్ళు

టైలరమ్మ ఆ చెట్టుని సవతి అనేది. నవ్వుతూనే అనేది కానీ ఆ నవ్వు చివర కాస్త పులుపు ఉండేది. ఉండదూ మరి? మొగుడు డ్యూటీ దిగి ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా తిన్నగా బాల్కనీలోకి వెళ్ళి కుండీలో వేలు పెట్టి చూస్తుంటే ఏ పెళ్ళానికైనా ఒళ్ళు మండుతుంది.

“ఆ వేలేదో ఒక్కసారి నా నుదుటి మీద పెట్టి జ్వరముందేమో చూడకూడదూ?” అనేది ఆమె.

“నీకు జ్వరమొస్తే వీధి వీధంతా వినపడేలా నువ్వే చెప్తావు. దానికి నోరెక్కడుంది?” అనేవాడు ఆయన.

చెట్టు జువ్వి. మర్రికీ రావికీ మేడికీ దగ్గర చుట్టం. నేలలో వదిలేస్తే మేడల్ని మించి పెరిగే జాతి. ఈయన చేతిలో పడి, వేళ్ళు కత్తిరించుకుంటూ, కొమ్మలకి తీగలు చుట్టించుకుంటూ, లోతులేని వెడల్పాటి కుండీలో మోకాలెత్తునే ముసలిదైపోయింది. ఆయన బస్సు డ్రైవరు, నిదానమంటే ఇష్టం. ఆయన బస్సెక్కినవాళ్ళు దిగి నడిస్తే ముందు చేరతామని జోకులేసేవారు. డిపోలో ఆయన పేరే నత్త. అలాంటి మనిషికి, ఏళ్ళు గడిచినా పెరిగినట్టు కనపడని చెట్టు దొరికింది. ఇంకేం కావాలి?

ఎండలున్నంతకాలం బాల్కనీలో ఉండే జువ్వి చలి మొదలవగానే ఇంట్లోకి రావాలి. చలిగాలి దానికి సరిపడదు. ఈసారి కూడా ఆయనే రెండు చేతులా ఎత్తి తెచ్చి మేడమీద ముందుగదిలో, కిటికీ పక్కన స్టూలు మీద పెట్టాడు. కుండీ కింద గులకరాళ్ళు పోసిన పళ్ళెం అమర్చాడు. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటూ పడిపోయాడు. ఎడమ పక్క పూర్తిగా పోయింది. మూతి కొంచెం వంకర తిరిగింది గానీ మాట దక్కింది.

ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ మిగిలారు. రెండో ఆవిడ డ్రైవరుకి అక్క, టైలరమ్మకి ఆడపడుచు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి, పెళ్ళి జోలికి పోకుండా రిటైరై, మేడమీద వెనకగదిలో ఉంటోంది. ఊరంతటినీ ఒకరితో ఒకరిని మాట్లాడించిన ఆ మనిషికి, గోడవతల ఉన్న మరదలితో మాటల్లేవు. అత్తగారు మంచంలో ఉన్న రోజుల్లో టైలరమ్మ ఒకనాడు అర్జెంటు పనేదో ఇచ్చేసి వస్తానని కింద తన కుట్టు కొట్లోకి దిగింది. ఆ కాసేపట్లోనే ముసలావిడ ప్రాణం పోయింది. “మిషను చప్పుడు వింటూ పోయింది మా అమ్మ” అంది ఆడపడుచు, పదిమందీ ఉండగా. అంతే. అప్పటిదాకా వదినా వదినా అంటూ ఆవిడ వెంటే తిరిగిన టైలరమ్మ మళ్ళీ ఆ గది గుమ్మం తొక్కలేదు. ఏళ్ళు గడిచిపోయాయి.

మధ్యలో నలిగింది డ్రైవరు. కరెంటు బిల్లు దగ్గర్నుంచి కుళాయి కారడం దాకా ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోశాడు. మోసేటప్పుడు కొంత కోసేసేవాడు కూడా. “గీజరు ఆపాలన్న బుద్ధుందా ఆవిడకి?” అని పెళ్ళాం మండిపడితే, అక్క దగ్గరికెళ్ళి “గీజరు మర్చిపోయినట్టున్నావక్కా” అనేవాడు. ఎవరికి ఎంత అవసరమో అంతే చెప్పేవాడు. ఇల్లు నిలబడింది తన ఈ తెలివి వల్లేనని ఆయన నమ్మకం. కొంత నిజమే కావచ్చు కూడా.

ఆసుపత్రిలోనూ అదే పద్ధతి సాగింది. పొద్దున అక్క, సాయంత్రం పెళ్ళాం. ఒకరి నీడ ఒకరి మీద పడకుండా వచ్చివెళ్ళేవారు. ఆయన మాత్రం ఇద్దరితోనూ ముభావంగానే ఉండేవాడు. వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుంటే కళ్ళు మూసుకునేవాడు.

“ఇప్పుడు కదిలితేనే కదులుతారండీ. ఈ చలికాలం వెళ్ళేలోగా నిలబడకపోతే ఇక మంచమే గతి. తర్వాత మేం చేసేదేం ఉండదు” అంది ఆ అమ్మాయి వరండాలో, గొంతు తగ్గించి.

టైలరమ్మ వెంటనే లోపలికెళ్ళి బతిమాలింది, ఏడ్చింది, ఆఖరికి తిట్టింది. ఆయన గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. ఇక లాభం లేదని సంచీ తీసుకుని లేచేసరికి వెనకనుంచి మాట వినపడింది.

“జువ్వి ఎలా ఉంది?”

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. తన ఏడుపుకి పలకని మనిషి చెట్టుకోసం నోరు విప్పాడు. అయినా బట్టల బేరాలు చేసే నోరు కదా, మంటని మింగేసింది.

“మీరు లేచి నడిచి ఇంటికొస్తే మీరే చూసుకోవచ్చు. నాకేం తెలుసు దాని సంగతి?” అంది.

అప్పటికప్పుడు తోచిన మాట అది. పనిచేసింది. మర్నాడు వ్యాయామం అమ్మాయి వస్తే ఆయన తనంతట తనే చెయ్యి అందించాడట. ఆ సాయంత్రం టైలరమ్మని దగ్గర కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాడు. “చలికాలంలో దానికి ఆకలుండదు. ఎరువు వెయ్యకు. కత్తెర తగలనివ్వకు. వేళ్ళ జోలికి అసలు పోవద్దు. పొద్దున్నే మట్టిలో వేలు పెట్టి చూడు. తడి తగిలితే ముట్టుకోకు. పొడిగా ఉంటే అప్పుడు పొయ్యి నీళ్ళు.”

అలా సవతిని బతికించే పని టైలరమ్మ నెత్తిన పడింది. ఆయన పెంచే మిగతా మరుగుజ్జు చెట్ల కుండీలన్నీ డిపో స్నేహితులు తలా ఒకటి పట్టుకుపోయారు. జువ్విని మాత్రం ఆయన గడప దాటనివ్వలేదు. అది బతికుంటే మొగుడు నడుస్తాడు. పోతే? ఆ ప్రశ్న దగ్గరికి ఆమె వెళ్ళలేదు.

రోజూ లేవగానే వేలు పెట్టి చూసేది. హీటరు పెట్టుకోకపోతే ఆ గదిలో మనుషులుండలేరు. పెడితే తెల్లారేసరికి మట్టి పైన పొడిగా తగిలేది. చెప్పినట్టే నీళ్ళు పోసేది. లైనింగు గుడ్డ ముక్క తడిపి ఆకుల మీద దుమ్ము తుడిచేది. ఒక పక్కే వెలుతురు తగులుతోందని కుండీని అప్పుడప్పుడూ తిప్పేది. “ఏమే, రాణీగారూ, ఇంకా ఏమన్నా సేవలు కావాలా?” అని అడిగేది. కొన్నాళ్ళకి ఆ వెటకారం కూడా పోయింది. కొట్లో గుండీలు కుడుతూ కూడా దాని గురించే ఆలోచించేది.

ముందుగా కింది కొమ్మల ఆకులు పసుపెక్కి రాలాయి. ఆ సాయంత్రమే ఆయనతో చెప్పింది.

“అలిగింది. చోటు మారితే కొన్ని ఆకులు రాల్చడం దాని అలవాటు. కంగారుపడి నీళ్ళు కుమ్మరించేవు” అన్నాడాయన. చెట్టు కబురు చెప్పేటప్పుడు ఆ వంకర మూతి కాస్త తిన్నగా అయ్యేది. టైలరమ్మ ఊపిరి పీల్చుకుంది.

కానీ అలక తీరలేదు. పచ్చటి ఆకులు కూడా ఊడి పడటం మొదలెట్టాయి. గుడ్డ తగిలితే చాలు, రాలేవి. ఆమె వాటిని ఏరి, కింద కొట్లో పీలికల సంచీలో అడుగున దాచేది. ఎవరు చూస్తారని? ఎవరూ చూడరు. అయినా దాచేది.

“ఇవాళ ఎలా ఉంది?” అని ఆయన అడిగితే ఆమె నిజం చెప్పబోయింది. నోటికి అబద్ధం దానంతటదే వచ్చింది. “కొత్త చిగురు పెట్టింది” అంది. మర్నాడు ఆయన వాకరు చట్రం పట్టుకుని వరండా చివరిదాకా నడిచాడు. ఇంకో రోజు “పైకొమ్మ కూడా చిగురు వేసింది” అంది. ఆయన చట్రం వదిలి కర్ర పట్టాడు. అబద్ధానికో అడుగు చొప్పున మొగుడు ఇంటికి దగ్గరవుతున్నాడు. చెట్టు మాత్రం బోడిదవుతోంది. పాపభయంతో ఆమెకి ముద్ద దిగేది కాదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మిషను ఆగింది. కొట్లో చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే శాలువా కోసం పైకొచ్చింది. ముందుగది తలుపు తెరిచి ఉంది. ఆడపడుచు చెంబుతో స్టూలు దగ్గర వంగి ఉంది.

“ఏం చేస్తున్నారక్కడ?”

ఏళ్ళ తర్వాత వచ్చిన మొదటి మాట, పోట్లాటకొచ్చినట్టే వచ్చింది. ఆడపడుచు ఉలిక్కిపడి, వెంటనే తేరుకుంది.

“కనపడటంలేదూ? పళ్ళెంలో నీళ్ళు పోస్తున్నా. తమ్ముడు చెప్పాడు.”

“ఏమని?”

“హీటరు గాలికి దాని గొంతు ఎండిపోతుంది, రాళ్ళ పళ్ళెం ఎండకుండా చూడక్కా అని. రోజూ అంచుదాకా నింపుతున్నా. నువ్వు కొట్టు వదిలి వస్తావా, చూస్తావా?”

టైలరమ్మ స్టూలు ముందు కూలబడి కుండీని ఓ పక్కకి ఎత్తింది. రాళ్ళు మునిగిపోయి ఉన్నాయి. కుండీ అడుగు నీళ్ళలోనే కూర్చుంది. కింది కన్నాల్లోంచి నల్లటి మెత్తటి వేరొకటి వేలాడుతోంది. మురుగు వాసన గుప్పుమంది. పళ్ళెంలో నీళ్ళు తను పోసినవే కిందికి దిగినవి అనుకుంది ఇన్నాళ్ళూ.

“నేను పైనుంచి పోస్తున్నాను” అంది టైలరమ్మ. “పైన పొడిగా తగిలితే పొయ్యమన్నారు. పొడిగానే తగిలేది.”

ఆడపడుచు విసురుగా దించిన చెంబులోంచి నీళ్ళు నేలమీద ఒలికాయి. “నువ్వు పోస్తున్నావని వాడు నాతో అనలేదే!”

“మీరు పోస్తున్నారని నాతోనూ అనలేదు.”

ఇద్దరూ ఆ తడినేల మీదే కూర్చున్నారు. తప్పు నీదంటే నీదని పోట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. ఇద్దరికీ ఓపిక లేకపోయింది. పళ్ళెం పారబోసి, కుండీ కింద పాత పేపర్లు పరిచి, తడిసినవి తీసి పొడివి పెడుతూ సాయంత్రం దాకా గడిపారు. మట్టి మారుద్దామా అంది ఆడపడుచు. వేళ్ళ జోలికి పోవద్దన్నారంది టైలరమ్మ. తెలియని పని, ఇద్దరికీ భయం.

“చెప్పేద్దాం వాడికి. తర్వాత తెలిస్తే మరీ ఘోరం” అంది ఆడపడుచు.

“ఇప్పుడు చెప్తే ఆ నడక ఆగిపోతుంది వదినా.”

వదినా అన్న మాట ఇద్దరికీ వినపడింది. ఇద్దరూ విననట్టే ఊరుకున్నారు. ఆ మర్నాటి నుంచి పొద్దున ఆడపడుచు, సాయంత్రం టైలరమ్మ, జువ్వి పచ్చగా ఉందనే చెప్పారు. ఆ ఇంట్లో చాలాకాలానికి ఇద్దరూ కలిసి చెప్పిన మాట అది. అదీ అబద్ధం.

చలి ఇంకా తగ్గకముందే డ్రైవరు ఇంటికొచ్చాడు. కర్ర ఒక చేత, రెండో వైపు పెళ్ళాం, వెనక అక్క. మెట్లెక్కడానికే సగం ప్రాణం పోయింది. అయినా కూర్చోమంటే కూర్చోలేదు. బూట్లతోనే తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

ఒక్క ఆకు లేదు. ఆయన వెనక్కి తిరిగి వాళ్ళ మొహాలు చూడలేదు. కర్ర గోడకి ఆనించి, గోటితో ఒక కొమ్మ మీద గీరాడు. ప్రాణముంటే పొట్టు కింద పచ్చగా ఉంటుంది, తెల్లటి పాలు ఊరుతాయి. గోధుమరంగు పొడి రాలింది. కిందికి, మాను మీద గీరాడు. అక్కడా అంతే. ఇంకా కిందికి, మొదలు దగ్గర గీరితే తడి కాగితంలా బెరడు ఊడొచ్చింది. ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“నీళ్ళు ఎక్కువయ్యాయి” అన్నాడు.

“నేనే” అంది టైలరమ్మ. “నేనేరా, నేను కిందనుంచి పోశాను” అంది ఆడపడుచు. తర్వాత ఒకరి మాటకి ఒకరు అడ్డమొస్తూ అంతా చెప్పేశారు. ఆయన విన్నాడు.

“పళ్ళెంలో నీళ్ళు రాళ్ళ తలలు దాటకూడదు. ఆ ముక్క నీకు చెప్పలేదా అక్కా?”

“లేదురా.”

“నీకు?”

“పళ్ళెం ఊసే ఎత్తలేదు మీరు.”

డ్రైవరు మంచమ్మీద కూర్చున్నాడు. తిడతాడేమోనని ఇద్దరూ చూశారు. తిట్టినా బాగుండేది.

“చెరో సగం చెప్పడం అలవాటైపోయింది నాకు” అన్నాడు.

ఆ పూట పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. లేవలేక కాదు, లేవలేదు. వ్యాయామం అమ్మాయి ఇంటికొస్తే కళ్ళు మూసుకున్నాడు. కష్టపడి నేర్చుకున్న నడక కాళ్ళలోంచి కారిపోతోందని ఆ అమ్మాయి చెప్పి చెప్పి విసిగిపోయింది. డిపో స్నేహితుడొకడు తను తీసుకెళ్ళిన కుండీని తిరిగి తెస్తే, “పట్టుకుపో. వేళ్ళు కత్తిరించడానికి రెండు చేతులు కావాలి” అన్నాడు. జువ్విని కుండీతో సహా బాల్కనీలో పెట్టేశారు. ఇక చలి దాన్ని చేసేదేమీ లేదు.

వదినా మరదళ్ళు ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు. వంటింట్లో, గొంతులు తగ్గించి, ఎంత తిన్నాడు, ఎన్నిసార్లు అటు తిరిగాడు, ఇవే మాటలు. ఆయన మూత్రానికి కూడా లేవకపోతే ఇద్దరూ చెరో చంకలో చెయ్యేసి లేపేవారు. దాహమనేలోగా ఒకరు నీళ్ళు తెచ్చేవారు. పిలిచేలోగా ఒకరు ఎదుట నిలబడేవారు. అంత శ్రద్ధ.

ఒక పొద్దున టైలరమ్మ ఆయన మొహం తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. ఇన్నాళ్ళూ దాచుకున్న మాట బయటికొచ్చేసింది.

“దానికోసం లేచి నడిచారు. నాకోసం లేవరా?”

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. బాగున్న చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు కూడా.

“నిన్ను చూడ్డానికి లేవడం దేనికి? నువ్వెప్పుడూ ఇక్కడే ఉంటావుగా” అన్నాడు.

ప్రేమగానే అన్నాడు. అదే ఆమెని కోసేసింది. తువ్వాలు బకెట్లో పడేసి, కొట్లోకి దిగి వచ్చి మిషను ముందు కూర్చుంది. ఎవరిదో కోటు చేతులు కురచ చెయ్యాలి. కుట్టు విప్పడానికి బ్లేడు తీసి, మళ్ళీ పక్కన పెట్టేసింది.

“ఇదిగో!” అని పైనుంచి వినపడింది. మామూలుగా ఆ పిలుపు పూర్తవకముందే వస్తున్నా అని పరిగెత్తే మనిషి. ఇవాళ కదల్లేదు.

ఆడపడుచు వెనక పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “పిలుస్తున్నాడు, వినపడలేదా?”

“వినపడింది.”

“మరి?”

“మీరూ పలక్కండి వదినా. మీకు దణ్ణం పెడతాను.”

ఆడపడుచు మెట్లకేసి చూసింది, మరదలి మొహంకేసి చూసింది. ఏమర్థమైందో ఏమో, బేరాలకొచ్చేవాళ్ళు కూర్చునే స్టూలు మీద మెల్లిగా కూర్చుంది.

“ఇదిగో! ఎక్కడున్నావ్?” అన్నాడాయన. కాసేపాగి, “అక్కా!” అన్నాడు. మొదట్లో విసుగుంది ఆ గొంతులో. తర్వాత విసుగు పోయి కోపమొచ్చింది. తర్వాత అదీ పోయింది. “ఎవరూ లేరా ఇంట్లో? ఏమైంది?” అన్న మాట చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది. ఆ తర్వాత పిలుపులు ఆగిపోయాయి.

మంచం కిర్రుమంది. ఏదో దభీమని కింద పడింది. ఆడపడుచు చటుక్కున లేచింది. టైలరమ్మ ఆవిడ మణికట్టు పట్టుకుంది.

“పడిపోయాడేమోనే!”

“కర్ర పడింది. మనిషి చప్పుడు కాదది” అంది. నిజానికి ఆమెకీ తెలియదు. ఆవిడ మణికట్టుని ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళు దిగాయి. ఆవిడ చెయ్యి లాక్కోలేదు.

పైన నేలమీద ఏదో ఈడ్చినట్టయింది. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఈడ్చింది. గోడ తడుముకుంటున్న చప్పుడు. టైలరమ్మ పైకప్పుకేసి చూస్తూ, ఆ చప్పుడు ఎక్కడ ఆగితే అక్కడ తన ఊపిరీ ఆపుతూ కూర్చుంది. తలుపు తెరుచుకుంది.

మెట్ల పైన డ్రైవరు నిలబడి ఉన్నాడు. చేతిలో కర్ర లేదు. కమ్మీ పట్టుకుని ఒంటికాలి మీద వేలాడుతున్నట్టున్నాడు. మొహమంతా చెమట, కన్నీళ్ళు.

“పిలుస్తుంటే పలకవేం? నీకేదో అయిపోయిందనుకున్నాను” అన్నాడు.

“ఏం కాలేదు. కదలకండి, వస్తున్నా” అంది ఆమె.

మెట్లెక్కుతూ ఆయన మొహం చూసింది. ఇంతకాలం కాపురంలో తనకోసం ఆ మొహంలో అంత భయం ఎన్నడూ చూడలేదు. ఆ భయం పెట్టింది తనే. ఆయన్ని నడిపించిందీ ఆ భయమే. రేపు కూడా పలక్కూడదు అనుకుంది. ఎల్లుండి కూడా. ఆ తలపుకే ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది.